మూడు వందల మీటర్ల కూజా

రేవు బయట లంగరేసి నిలబడ్డ ఓడలకు మంచినీళ్లు మోసుకెళ్లే పడవ ఒకటుండేది. కాగితాల మీద దానికి ఏదో ఘనమైన పేరే ఉంది గానీ, పొట్ట లావుగా ముక్కు పొట్టిగా ఉండటంతో అందరూ దాన్ని కూజా అనే పిలిచేవారు. నడిపేది ఒక నడివయసు ఆడమనిషి. ఇంజను చూసుకునేవాడు ఆమె సొంత తమ్ముడు. వాడు రోజంతా అక్కా అక్కా అని కేకలేస్తుంటే విని విని, తాళ్లు కట్టేవాళ్ల దగ్గర్నుంచి కంట్రోల్ గదిలో కూర్చునే పెద్దాయన దాకా రేవు మొత్తానికి ఆమె అక్క అయిపోయింది. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఏ మొహమాటమూ లేకుండా అక్క అనే అనేవారు.

పడవ నడపడంలో ఆమె దిట్ట. గాలి ఎటు కొట్టినా సరే, పసిబిడ్డను పక్కలో వేసినంత మెత్తగా కూజాను ఓడకు ఆనించేది. ఆమెను భయపెట్టేది ఒక్కటే, రేడియో. మైకు చేతిలోకి తీసుకోగానే అనుకున్న మాటలన్నీ మరిచిపోయేది. తాను మాట్లాడే మాట సముద్రం మీదున్న ప్రతి ఓడలోనూ వినిపిస్తుందన్న ఊహే ఆమెకు చెమటలు పట్టించేది. అందుకని "కూజా, బయలుదేరుతున్నా", "కూజా, వచ్చేశా" అనే రెండు ముక్కలు తప్ప ఆమె నోట మూడోది వచ్చేది కాదు. ఎవరితో వాదించాల్సి వచ్చినా తనే వేగం తగ్గించుకుని పక్కకు తప్పుకునేది.

ఈ సంగతి అందరికన్నా బాగా కనిపెట్టినవాడు ఫెర్రీ నడిపే మీసాల కెప్టెన్. ఎదుటి పడవ మన కుడి పక్కనుంచి వస్తుంటే మనం ఆగి దాన్ని పోనివ్వాలన్నది సముద్రం మీద నియమం. మీసాలాయన ఆ నియమం కూజాకు వర్తించదన్నట్టు ముక్కు ముందునుంచే దూసుకుపోయేవాడు. తమ్ముడు ఇంజను గదిలోంచి తల బయటపెట్టి నాలుగు తిట్లు తిట్టేవాడు. అక్క మాత్రం జనం ఎక్కి ఉన్నారు కదరా, వాళ్లకు ఆఫీసులకు టైమవుతుంది, పోనీలే అని సర్దిచెప్పేది. సర్దిచెప్పేది గానీ, ఆ తర్వాత కాసేపు ఆమె చుక్కాని చక్రాన్ని కాస్త గట్టిగానే పట్టుకునేది.

ఆ ఏడాది రేవు అధికారులు ఒక ఉత్తర్వు పంపారు. పనిచేసే ప్రతి పడవకూ ఏఐఎస్ అనే పెట్టె ఉండాలన్నారు. ఆ పెట్టె చేసే పని చెప్పుకోవడానికి తేలికే. నేను ఫలానా పడవను, ఇంత పొడుగున్నాను, ఇక్కడున్నాను, ఇటు వైపు ఇంత వేగంతో పోతున్నాను అని కొద్ది క్షణాలకోసారి తనంతట తానే చుట్టుపక్కల ఓడలన్నింటికీ చెబుతూ ఉంటుంది. అవతలివాళ్ల తెర మీద మన గుర్తు కనిపిస్తుంది, మన తెర మీద వాళ్లది. మంచు కమ్మినా వాన కురిసినా ఎవరెక్కడున్నదీ తెలుస్తుంది. నోరు విప్పకుండానే పడవ మాట్లాడుతుందంటే అక్కకు అంతకన్నా ఏం కావాలి. ఉత్తర్వు వచ్చిన రోజే పెట్టె తెప్పించింది.

బిగించడానికి బయటివాళ్లను పిలవాల్సిన పని లేదు. తమ్ముడి భార్య, అంటే అక్క మరదలు, ఓడల్లో రేడియోలూ రాడార్లూ బాగుచేసే మెకానిక్. ఆమె ఒక పూటలో యాంటెన్నా నిలబెట్టి, వైర్లు లాగి, పెట్టెను కిటికీ పక్కన బిగించింది. వివరాలు నింపడం ఒక్కటే మిగిలి ఉండగా, మట్టి తోడే ఓడలో రాడార్ ఆగిపోయిందని ఫోనొచ్చింది. వెళ్లి వచ్చి నింపుతానంది. ఆ మాత్రం నాకు రాదా అన్నాడు మొగుడు. ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోయింది. అక్కడే జరగాల్సింది జరిగింది.

తమ్ముడు నాలుక పళ్లమధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టె ముందు పేరడిగింది, ఇచ్చాడు. తర్వాత ఏ రకం ఓడ అని అడిగి, ప్రయాణికులదా, చేపలదా, ట్యాంకరా అంటూ వరసగా చూపించింది. ట్యాంకుల్లో నీళ్లు మోసేది ట్యాంకర్ కాక ఇంకేమిటని ట్యాంకర్ నొక్కాడు. సముద్రం మీద ట్యాంకరంటే చమురు ఓడ అన్న సంగతి అతనికి తట్టలేదు. చివరికి పొడుగు. కూజా ముప్పై మీటర్లు. ఇంజను గ్రీజు అంటిన వేలు మీట మీద జారి సున్నా రెండుసార్లు పడింది. ఎవరి తెర మీదైనా సొంత పడవ నడిమధ్యలో ఒక చిన్న గుర్తుగానే కనిపిస్తుంది కాబట్టి, తమ పడవ ఎంత పెరిగిందో అక్కాతమ్ముళ్లకు తెలిసే దారి లేకపోయింది.

అలా కూజా మూడు వందల మీటర్ల చమురు ఓడ అయింది.

మర్నాటి పొద్దున నీళ్లు నింపుకుని బయలుదేరగానే అక్కకు మొదటి వింత ఎదురైంది. ఫెర్రీ ఆగింది. ఊరికే ఆగడం కాదు, అంత దూరానే ఇంజను వెనక్కి తిప్పి, ఒద్దికగా నిలబడింది. మీసాలాయన కిటికీలోంచి ఇటే చూస్తున్నాడు. అసలు సంగతేమిటంటే, పెద్ద ఓడ దగ్గరికొస్తే కూత పెట్టేలా అతని పెట్టెకు అలారం ఒకటి పెట్టారు. కూజా కనిపించడమే ఆలస్యం, అది చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, ప్రయాణికులు బెదిరిపోతున్నారు. కళ్లెదుట ఉన్నది బుల్లి నీళ్ల పడవ, పెట్టె చూస్తే ప్రళయం వచ్చినట్టు గోల. ఎవరికి చెప్పినా నవ్వుతారని అతను నోరు మూసుకుని దూరంగా తప్పుకోవడం మొదలుపెట్టాడు.

బయటి ఓడల సంగతి వేరు. అది పొద్దుటిపూట సముద్రం మీద మసక పట్టే కాలం. దూరాన్నుంచి వచ్చేవాళ్లకు కంటికేమీ ఆనదు, తెర మీద మాత్రం కూజా ఏనుగంత కనిపిస్తుంది. ఎన్నడూ లేనిది, రేడియోలో కొత్త కొత్త గొంతులు ఆమెను పలకరించసాగాయి. "కెప్టెన్ గారూ, మీరు ఎటు పక్కనుంచి వెళ్లదలిచారు? మీకెలా వీలైతే అలా తప్పుకుంటాం" అని అడిగేవాళ్లు.

మొదటిసారి అక్క మైకు పట్టుకుని నీళ్లు నమిలింది. తమ్ముడు పక్కనే నిలబడి సైగలు చేస్తుంటే, అతి కష్టం మీద "ఎడమ పక్క" అంది. సరేనని వాళ్లు ధన్యవాదాలు కూడా చెప్పారు. రెండోసారి కొంచెం తేలికైంది. నాలుగు రోజులు గడిచేసరికి ఆమె మైకును చెంప దగ్గర పెట్టుకుని, నేను నిదానంగా వస్తున్నాను, మీరు ముందు వెళ్లండి, తొందరేం లేదు అని తాపీగా మాట్లాడసాగింది. ఇన్నేళ్ల తన పనితనానికి ఆలస్యంగానైనా విలువ దొరికిందనుకుంది. వీపు నిటారుగా పెట్టి నిలబడటం అలవాటైంది. ఇంట్లో కూడా గొంతు పెంచుతోందని తమ్ముడు వాపోయాడు.

ఆదివారం ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. కంట్రోల్ గది పెద్దాయన అంతకుముందే మరదలికి ఫోన్ చేశాడు. మా తెర పాడైనట్టుంది, మీవాళ్ల పడవ ఉబ్బిపోయి కనిపిస్తోంది, వీలు చూసుకుని రా అన్నాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, ఓడలు కనిపించే మ్యాపు ఫోనులో తెరిచింది. తెరిచి, నమలడం ఆపింది. రేవులో కట్టేసి ఉన్న కూజా ఆకారం గట్టు దాటి, చేపల వేలం షెడ్డు మీదుగా, పోస్టాఫీసు మీదుగా, బస్టాండు దాకా పరుచుకుని ఉంది.

ఆమె ఫోనును మొగుడి కంచం పక్కన పెట్టింది. అతను చూశాడు. పెట్టెలో ఏమేం నింపావని ఆమె నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. ట్యాంకర్ అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంది. తమ్ముడు మాత్రం నీళ్లదైనా ట్యాంకర్ ట్యాంకరే కదా అని చాలాసేపు వాదించాడు.

అక్క కూడా నవ్వింది, కానీ కొంచెం ఆలస్యంగా. ఆ వారం రోజుల మర్యాదలన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్లముందు మెదిలాయి. అవి తనకు కాదు, ఒక సున్నాకు.

ఇప్పుడే వెళ్లి సరిచేసి వచ్చేద్దాం వదినా, ఎంతసేపని మరదలు చెప్పులు వేసుకోబోయింది. ఆదివారం పూట కూడా పనేమిటి, రేపు సాయంత్రం చూద్దాంలే అంది అక్క. మరదలు మరోసారి చెప్పి చూసింది. వదిన కంచం కడగడానికి లేచిపోయింది. అంతకన్నా గట్టిగా చెప్పడానికి మరదలికి మనసొప్పలేదు. ఇంకొక్క రోజు, ఒకే ఒక్క రోజు పెద్ద ఓడగా తిరగాలని వదినకు ఆశగా ఉందని ఆమెకు అర్థమైంది.

మర్నాడు మసక కాదు, చిక్కటి మంచు పట్టింది. కూజా ముక్కు కొసన కట్టిన టైరు కూడా కనిపించడం లేదు. అక్క హారన్ మోగిస్తూ, నడక వేగంతో బయటికి తీసుకొచ్చింది. రేవు నోటికి అవతల నీళ్లలో రాళ్లగుట్ట ఒకటుంది. దాని అంచున ఆల్చిప్పలు ఏరేవాళ్ల చిన్న చెక్కపడవలు రోజూ లంగరేసుకుని ఉంటాయి. వాళ్లలో పెద్దవాణ్ణి అందరూ ఆల్చిప్పల మావయ్య అంటారు. అక్క ఎప్పటిలాగే వాళ్ల డబ్బాల్లో మంచినీళ్లు పోసి ముందుకు సాగింది.

కొంత దూరం వెళ్లాక రేడియో మాట్లాడింది. బొగ్గు మోసే పెద్ద ఓడ ఒకటి బయటినుంచి రేవు వైపు వస్తోంది. దారి చూపే పైలట్ ఇంకా దాని మీదికి ఎక్కలేదు, దాని కెప్టెన్‌కు ఈ రేవు కొత్త. కంట్రోల్ గదిలో పెద్దాయన సెలవు పెట్టాడట, ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి మాట్లాడుతోంది. తన తెర మీద ఉన్నది ఉన్నట్టు చెప్పింది, మీకెదురుగా మూడు వందల మీటర్ల ట్యాంకర్ వస్తోంది, జాగ్రత్త అని.

కాసేపటికి బొగ్గు ఓడ కెప్టెన్ గొంతు వినిపించింది. "ట్యాంకర్‌కు చోటిస్తున్నాను. కుడికి తిరిగి రాళ్లగుట్ట వైపు జరుగుతాను. లోతు ఉంది. అక్కడ నా తెర మీద ఏమీ లేదు."

ఏమీ లేదన్న ఆ మాట వినగానే అక్కకు ఆల్చిప్పలవాళ్లు గుర్తొచ్చారు. ఆ చెక్కపడవలకు పెట్టెలు లేవు. అంత చిన్న చెక్కముక్కలు రాడార్‌కు కూడా సరిగా ఆనవు. ఆమె పోసిన నీళ్లు వాళ్ల డబ్బాల్లో ఇంకా చల్లగానే ఉండి ఉంటాయి.

పెట్టె ఆపేద్దాం అక్కా, ట్యాంకర్ మాయమైపోతుంది అంటూ తమ్ముడు మీట మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఇంత మంచులో ఎదురుగా ఉన్న పెద్ద ఓడ ఉన్నట్టుండి తెర మీదినుంచి పోతే ఆ కెప్టెన్ ఇంకా కంగారుపడతాడు, ఎటు తిప్పుతాడో ఎవరికీ తెలియదు. ఆమె మైకు అందుకుంది. ఇప్పుడు చెప్పబోయేది రేవంతా వింటుందని తెలుసు. అప్పటికి దాన్ని గురించి ఆలోచించే తీరిక లేదు.

"బొగ్గు ఓడ కెప్టెన్ గారూ, నేను ట్యాంకర్ని కాను. నీళ్ల పడవని. ముప్పై మీటర్లు. నా పెట్టెలో పొడుగు తప్పు పడింది. రాళ్లగుట్ట వైపు తిరగొద్దు, అక్కడ చిన్న పడవలున్నాయి, మనుషులున్నారు. మీరు దారి మధ్యలోనే ఉండండి. నేను తప్పుకుంటున్నాను."

గొంతు ఎక్కడా వణకలేదు. అవతలినుంచి జవాబు రాలేదు. అక్క అవే మాటలు, అదే వరసలో, ఇంకొంచెం నిదానంగా మళ్లీ చెప్పింది. చెబుతూనే ఎడం చేత్తో చక్రం తిప్పి కూజాను పక్కకు తీసింది.

"అర్థమైంది," అన్నాడు బొగ్గు ఓడ కెప్టెన్. "ఇంజను ఆపాను. తిరగడం లేదు." కాస్త ఆగి, "పొడుగు ఎంతన్నారు?" అని మళ్లీ అడిగాడు.

"ముప్పై. టైర్లతో కలిపి."

రేడియోలో ఎవరో ఫక్కుమన్నారు. అంతలో ఇంకో గొంతు అడ్డొచ్చింది, మీసాలాయనది. "అయితే వారం నుంచీ నా పెట్టె అరిచి చచ్చింది నీ పడవని చూసేనా అక్కా?" అన్నాడు. కోపంకన్నా ఆ గొంతులో హాయే ఎక్కువ వినిపించింది, తన పెట్టెకు పిచ్చి పట్టలేదని తేలినందుకు. కంట్రోల్ గది కొత్తమ్మాయి అందర్నీ రేడియో ఖాళీ చేయమని గట్టిగా చెప్పి, ఆ తర్వాత బొగ్గు ఓడను దారి మధ్యలోనే, పాకినట్టుగా, పైలట్ ఎక్కే చోటుదాకా రప్పించింది. రాళ్లగుట్ట దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు. మంచులో పెద్ద ఇంజను చప్పుడు దగ్గరికొచ్చి ఆగిపోయిందని, ఎందుకో తెలియలేదని ఆల్చిప్పల మావయ్య తర్వాత చెప్పాడు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. మరదలు అప్పటికే గట్టు మీద కాచుకుని ఉంది. పడవెక్కి, సున్నా తీసేసి, ట్యాంకర్‌ను నీళ్ల పడవగా మార్చి దిగిపోయింది. అక్క వెనకే దిగి వెళ్లి, నిన్న నీ మాట వినాల్సింది అంది. మరదలు ఆమె చెయ్యి నొక్కి, ముందు మీ తమ్ముడి వేళ్లు కడిగించండి వదినా అంది.

కంట్రోల్ గది పెద్దాయన మర్నాడు పిలిపించి తలుపు మూసి మరీ చీవాట్లు పెట్టాడు. తప్పు చెప్పే పెట్టె, అసలు పెట్టె లేకపోవడంకన్నా ప్రమాదమన్నాడు. అక్క తలొంచుకుని విన్నది. ఆయన చివరిదాకా కోపం నిలబెట్టుకోవాలనే చూశాడు గానీ, పడవ బస్టాండు దాకా పరుచుకున్న సంగతి దగ్గరికొచ్చేసరికి నవ్వు తన్నుకొచ్చింది.

ఆ సాయంత్రమే బొగ్గు ఓడకు నీళ్లు కావాలని కబురొచ్చింది. కూజా పక్కకు వెళ్లి ఆనగానే, దాని కెప్టెన్ పైన ఓడ అంచు కమ్మీల దగ్గరికి వచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా సముద్రమంతా వెతికాడు, ట్యాంకర్ ఎక్కడుందా అన్నట్టు. తర్వాత కిందికి చూసి టోపీ తీశాడు. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. అక్కను పైకి పిలిచి, తన తెర దగ్గర నిలబెట్టి, రాళ్లగుట్టను వేలితో చూపించాడు. అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు. చెక్కపడవలు ఆ వేళ కూడా అక్కడే ఉన్నాయి, కిటికీలోంచి కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. తెర మీద మాత్రం లేవు. నువ్వు చెప్పకపోతే వాళ్ల మీదినుంచి పోయేవాణ్ణి, పోయినట్టు కూడా నాకు తెలిసేది కాదు అన్నాడాయన. నవ్వు ఆ మాట దగ్గర ఆగింది.

ఆ నీలం చోటు అక్కను వదల్లేదు. మరదలితో మాట్లాడింది. చిన్న పడవలకు సరిపోయే, అరచేతంత పెట్టెలు వస్తాయని మరదలు చెప్పింది. పెద్దాయనను అడిగితే, రేవు తరఫున ఇప్పించడానికి తాను ఎప్పుడో సిద్ధమని, ఆల్చిప్పలవాళ్లే మొండికేస్తున్నారని అన్నాడు. వాళ్లతో మాట్లాడే పని అక్క నెత్తినేసుకుంది.

డబ్బాల్లో నీళ్లు పోస్తూ ఆమె ఆ మాటెత్తగానే మావయ్య అడ్డంగా తలూపాడు. ఆల్చిప్పలు ఎక్కడ దొరుకుతాయో లోకమంతటికీ చాటింపు వేసినట్టవుతుందన్నాడు. అక్క మునుపైతే సరేలెమ్మని పోయేది. ఇప్పుడు నీళ్ల గొట్టం ఆపి కూర్చుంది.

"మావయ్యా, మీరు రోజూ ఇక్కడే ఉంటారని ఊళ్లో తెలియనిదెవరికి? తెలియనిది ఆ బయటినుంచి వచ్చేవాడికి ఒక్కడికే. వాడికి తెలియాలి. మొన్న వాడి తెర చూసి వచ్చాను నేను. మీరు లేరు. మీ పడవ లేదు. ఏమీ లేదు."

మావయ్య నిండిన డబ్బాకు మూత బిగించి, సరే కానివ్వు అమ్మాయ్ అన్నాడు.

మరదలు పెట్టెలు తెచ్చింది. ఈసారి వివరాలు తనే నింపింది, మొగుణ్ణి చేతులు కట్టుకుని దూరంగా కూర్చోమంది. పొడుగు ఆరు మీటర్లు, రెండుసార్లు సరిచూసుకుంది. పడవ పేరేమిటని అడిగితే మావయ్య తెల్లమొహం వేశాడు. పడవకు పేరేమిటి, అది పడవ. పేరు లేకపోతే తెర మీద అంకెలే కనిపిస్తాయి, మనుషులు పిలవడానికి ఏదో ఒకటి ఉండాలని ఆమె నచ్చజెప్పింది. ఆలోచించడానికి మావయ్య బుర్ర గోక్కుంటుండగానే ఫోన్ మోగింది. ఇంటినుంచి మావయ్య భార్య, అత్తయ్య. ఎక్కడున్నావని ఆమె అడగడం, "వస్తున్నా, వస్తున్నా" అని ఈయన అనడం, ఫోన్ జేబులో పెట్టుకుని ఎప్పటిలాగే కదలకుండా కూర్చోవడం అందరూ చూశారు.

మరదలు ఇంకేమీ అడక్కుండా టైపు చేసింది.

ఇప్పుడు ఆ రేవుకు వచ్చే ఓడలన్నింటికీ రాళ్లగుట్ట పక్కన చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. మావయ్య పడవ గుర్తు మీద వేలు పెడితే వివరాలు వస్తాయి. పేరు: వస్తున్నా. వేగం: సున్నా. ఆ ఊరి భాష తెలిసిన నావికులు అది చూసి ఒకరికొకరు చూపించుకుని నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే దూరంగా తప్పుకుని పోతారు. అత్తయ్య కూడా తన ఫోనులో ఆ మ్యాపు పెట్టించుకుంది. ఆ విషయం మావయ్యకు ఇంకా ఎవరూ చెప్పలేదు.